పెద్ద ఫైళ్లను ఇంటి ఇంటర్నెట్‌లో త్వరగా దించుకోవడం: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఫ్లాట్లలోనూ పీజీల్లోనూ ఉంటున్న మనవాళ్లు ఇంటర్నెట్ గురించి అడిగే సందేహాల్లో ఎక్కువ భాగం పెద్ద ఫైళ్ల చుట్టూనే తిరుగుతాయి. ఆఫీసు పనికి కావలసిన వర్చువల్ మెషీన్ ఇమేజ్, పిల్లలు అడిగిన ఆట, సొంత కంప్యూటరులో నడిపి చూడాలనుకున్న ఏఐ మోడల్, ఊళ్లో జరిగిన పెళ్లి వీడియోల కోసం ఫొటోగ్రాఫర్ పంపిన డ్రైవ్ లింకు, ఇవన్నీ పదుల గిగాబైట్లలో ఉంటాయి. సర్వర్ నుంచి మీ డిస్కు దాకా ఉన్న దారిలో ఏదో ఒక చోట ఇరుకు ఉంటుంది. ఆ ఇరుకు ఎక్కడుందో కొలిచి తెలుసుకోకుండా ప్లాను పెంచినా, రూటరు మార్చినా డబ్బు ఖర్చే తప్ప వేగం పెరగదు. కింది జవాబులన్నీ ఆ కొలత ఎలా చేయాలన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

నాది 100 ఎంబీపీఎస్ ప్లాను. డౌన్‌లోడ్ మాత్రం 11 అని చూపిస్తోంది. కంపెనీవాళ్లు తక్కువ ఇస్తున్నారా?

లేదు, మీ లైను పూర్తి వేగంతో పనిచేస్తోంది. ప్లానులో రాసేది సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. బ్రౌజరు చూపేది సెకనుకు ఎన్ని మెగాబైట్లు అని. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. దానిలోనూ ప్రతి ప్యాకెట్టుకు చిరునామా, సరిచూసుకునే సమాచారం తోడవుతాయి గనుక, అవి పోగా 11 నుంచి 11.8 మెగాబైట్ల వరకు చేతికి వస్తాయి. ఈ లెక్కన 40 గిగాబైట్ల ఫైలుకు సుమారు ఒక గంట, 180 గిగాబైట్ల పెళ్లి వీడియోలకు దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలోకి మార్చి, మీ ప్లాను వేగాన్ని ఎనిమిదితో భాగించగా వచ్చిన అంకెతో భాగిస్తే ఎన్ని సెకన్లు పడుతుందో తెలిసిపోతుంది. అసలు సమస్య ఉందో లేదో ఈ లెక్కే చెబుతుంది కాబట్టి ముందు ఇది వేసుకోండి.

స్పీడ్ టెస్టులో పూర్తి వేగం వస్తోంది. ఫైలు మాత్రం నత్తనడక నడుస్తోంది. ఎందుకు?

స్పీడ్ టెస్టు మీకు దగ్గరలో, చాలాసార్లు బెంగళూరులోనే ఉన్న సర్వరును ఎంచుకుని, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి కొలుస్తుంది. వచ్చిన డేటాను డిస్కు మీద రాయాల్సిన పని కూడా దానికి ఉండదు. మీరు దించుకునే ఫైలు అమెరికాలోనో యూరప్‌లోనో ఉండవచ్చు, ఒకే కనెక్షన్ మీద రావచ్చు, ఆ సర్వరు నడిపేవారు ఒక్కో వ్యక్తికి ఇంతే వేగం అని హద్దు పెట్టి ఉండవచ్చు. అందుకే స్పీడ్ టెస్టు బాగుండడం మీ ఇంటి లైను బాగుందని చెబుతుందే తప్ప, ఆ ఫైలు వేగంగా వస్తుందని హామీ ఇవ్వదు. ఒక తేలికైన పరీక్ష ఉంది. అదే సమయంలో మరో చోటి నుంచి, ఉదాహరణకు ఏదైనా లినక్స్ ఇమేజ్‌ను ఇండియాలోని మిర్రర్ (అదే ఫైలు నకలు ఉంచే మరో సర్వరు) నుంచి దించి చూడండి. అది పరుగెత్తుతూ మీ ఫైలు ఒక్కటే పాకుతూ ఉంటే లోపం మీ ఇంట్లో లేదు.

ఇరుకు ఎక్కడుందో కనిపెట్టడానికి ఏ వరుసలో వెళ్లాలి?

ముందుగా ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరాలు అన్నిటినీ కాసేపు వైఫై నుంచి తప్పించి, ఒక్క ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా రూటరుకు కలిపి స్పీడ్ టెస్టు చేయండి. ఆ అంకె ప్లానుకు దగ్గరగా ఉంటే బయటి లైను బాగున్నట్టు. తరువాత అదే ల్యాప్‌టాప్‌ను వైరు తీసి, మీరు మామూలుగా కూర్చునే చోట వైఫై మీద పరీక్షించండి. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా వైఫై మింగేస్తున్నదే. మూడోసారి, కావలసిన ఫైలునే వైరు మీద ఒక నిమిషం పాటు దించి చూడండి. మొదటి అంకె బాగుండి మూడోది పడిపోతే, లోపం అవతలి సర్వరులోనో మధ్య దారిలోనో మీ డిస్కులోనో ఉన్నట్టు. మూడు అంకెలనూ సమయంతో సహా ఒక కాగితం మీద రాసుకోండి, కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు పనికివస్తాయి.

ప్లాను 300 ఎంబీపీఎస్. వైరు పెట్టినా 94 దగ్గరే ఆగిపోతోంది. రూటరు పాడైందా?

94 అన్న అంకె కనబడిందంటే అనుమానించాల్సింది వైరును, పోర్టును. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లింకులో ప్యాకెట్ల ఖర్చు పోగా మిగిలేది దాదాపు సరిగ్గా 94. అందువల్ల 200, 300, 500 ఏ ప్లాను తీసుకున్నా టెస్టు అక్కడే గట్టిగా ఆగిపోతే, దారిలో ఎక్కడో ఒక లింకు గిగాబిట్‌కు బదులు 100కు పడిపోయిందని అర్థం.

దానికి కారణాలు మూడే. మొదటిది వైరు. లాన్ వైరులో నాలుగు జతల తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. తలుపు సందులో నలిగో, కిటికీ ఫ్రేములో ఒత్తుకుపోయో, కనెక్టరులో సరిగా దిగకో, గిగాబిట్‌కు మాత్రమే కావలసిన రెండు జతల్లో ఒక్క తీగ తెగినా కనెక్షన్ పోదు, చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది. ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండోది రూటరు. చవక రకం రూటర్లలో, పాత రూటర్లలో పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి. వైఫై ఎంత కొత్తదైనా ప్రయోజనం ఉండదు. మూడోది ల్యాప్‌టాప్‌కు పెట్టే యూఎస్‌బీ లాన్ అడాప్టరు. వీటిలో కూడా 100వి చాలా అమ్ముతారు.

నిర్ధారించుకోవడం సులువు. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి ఈథర్‌నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి. అక్కడ 1000/1000 అని ఉండాలి. 100/100 అని ఉంటే వేరే క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 వైరు పెట్టి మళ్లీ చూడండి. క్యాట్ 5ఈ వైరే 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది గనుక ఇంటికి ఖరీదైన రకం అవసరం లేదు. బెంగళూరులోని చాలా అపార్ట్‌మెంట్లలో ఫైబర్ భవనం దాకా మాత్రమే వచ్చి, అక్కడి స్విచ్ నుంచి ఫ్లాటు దాకా లాన్ వైరే వస్తుంది. అలాంటి చోట ఇంట్లోని వైరు మార్చినా అంకె కదలకపోతే, షాఫ్టులోంచి వచ్చే ఆ వైరు చివరి కనెక్టరును మళ్లీ క్రింప్ చేయమని (తీగలను కొత్తగా బిగించమని) టెక్నీషియన్‌ను అడగండి. పది నిమిషాల పని. ప్లాను పెంచుకోవడానికి నెలనెలా అదనంగా కట్టే ముందు తప్పకుండా చేయించాల్సిన పని కూడా ఇదే.

వైఫై మీదే దించుకోవాలి, వైరు లాగే వీలు లేదు. ఏం చేయవచ్చు?

మీరు ఏ బ్యాండ్ మీద ఉన్నారో ముందు చూసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మూడే. ఇరవై ఫ్లాట్ల బ్లాకులో ఇరవై రూటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే బ్యాండ్‌లో గోల చేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ, వెడల్పు ఎక్కువ, కానీ గోడ దాటే శక్తి తక్కువ. కాబట్టి పెద్ద ఫైలు దించేటప్పుడు 5 గిగాహెర్ట్జ్‌కు మారి, వీలైతే రూటరు ఉన్న గదిలోనే ల్యాప్‌టాప్ పెట్టండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే, ల్యాప్‌టాప్ మొండిగా 2.4కే అతుక్కుని కూర్చోవచ్చు. రూటరు సెట్టింగులలోకి వెళ్లి వేర్వేరు పేర్లు పెడితే ఆ బాధ ఉండదు.

ల్యాప్‌టాప్ చూపించే వైఫై లింక్ స్పీడును చూసి మోసపోకండి. వైఫై 5లో రెండు యాంటెన్నాలున్న ల్యాప్‌టాప్ 867 అని చూపినా, వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి గనుక చేతికి వచ్చేది అందులో సగం, బాగుంటే కాస్త ఎక్కువ. ఇక రూటరును పెట్టే చోటు. ఫైబర్ ప్రధాన ద్వారం దగ్గర లోపలికి వస్తుంది కాబట్టి, టెక్నీషియన్ దాన్ని చెప్పుల స్టాండు పైనో టీవీ వెనకో బిగించి వెళ్లిపోతాడు. కాంక్రీటు గోడలు రెండు దాటితే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బాగా బలహీనపడుతుంది. కొన్ని మీటర్ల లాన్ వైరు కొని రూటరును హాలు మధ్యకు, ఛాతీ ఎత్తులో, చుట్టూ అడ్డు లేకుండా పెట్టించుకుంటే కలిగే లాభం కొత్త రూటరు కొంటే కలిగే లాభం కన్నా తరచుగా ఎక్కువే ఉంటుంది.

రిపీటరు కొంటే వేగం పెరుగుతుందా?

సిగ్నల్ గీతలు పెరుగుతాయి, వేగం పెరగకపోవచ్చు. మామూలు రిపీటరు విన్నదాన్నే అదే ఛానల్ మీద మళ్లీ పలుకుతుంది కాబట్టి వేగం సుమారు సగానికి పడుతుంది. రెండో రూటరును లాన్ వైరుతో మొదటిదానికి కలిపి యాక్సెస్ పాయింట్‌గా వాడడమే నేను సూచించేది.

డౌన్‌లోడ్ మేనేజర్లు నిజంగా వేగం పెంచుతాయా?

కొన్ని సందర్భాల్లో పెంచుతాయి, దానికి స్పష్టమైన కారణం ఉంది. పంపే సర్వరు కొంత డేటా పంపి, అది అందినట్టు మీ కంప్యూటరు నుంచి కబురు వచ్చేదాకా ఒక హద్దు దాటి ముందుకు పోదు. బెంగళూరు నుంచి అమెరికాకు కబురు వెళ్లి రావడానికి పావు సెకను దాకా పడుతుంది. ఆ పావు సెకనులో 100 ఎంబీపీఎస్ లైను నిండాలంటే సుమారు 3.1 మెగాబైట్ల డేటా దారిలో ఉండాలి. ఒకప్పటిలా ఆ హద్దు 64 కిలోబైట్లే అయితే, మీ ప్లాను ఎంతదైనా వేగం 2 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. ఈ హద్దును పెంచుకునే పద్ధతి 1992లోనే ప్రమాణంగా వచ్చింది, నేటి సిస్టమ్‌లన్నీ దాన్ని వాడుతున్నాయి. అయినా దారిలో ఒక్క ప్యాకెట్టు పోయినా పంపేవైపు వేగం తగ్గించుకుని మళ్లీ మెల్లగా పెంచుకుంటుంది, దూరం ఎక్కువైన కొద్దీ ఆ కోలుకోవడం ఆలస్యమవుతుంది. నాలుగైదు కనెక్షన్లు విడివిడిగా తెరిస్తే ఒకటి తగ్గినా మిగతావి సాగుతాయి. డౌన్‌లోడ్ మేనేజర్ల బలం అంతా ఇదే.

ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ డబ్బు కట్టి కొనాల్సింది. ఆరియా2 ఉచితం, కమాండ్ లైన్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) నడుస్తుంది, కానీ మీరు పెంచితే తప్ప ఒక సర్వరుకు ఒకే కనెక్షన్ తెరుస్తుంది, పదహారు వరకు పెంచుకోవచ్చు. నా అభిప్రాయంలో నాలుగు నుంచి ఎనిమిది చాలు. అంతకు మించి తెరిస్తే కొన్ని సర్వర్లు మిమ్మల్ని అడ్డుకుంటాయి, స్వచ్ఛందంగా నడిచే చిన్న మిర్రర్ల మీద భారం వేయడం మర్యాద కూడా కాదు. సర్వరు దగ్గరే ఉండి, ఒక్క కనెక్షన్‌తోనే మీ లైను నిండుతుంటే ఈ ప్రోగ్రాముల వల్ల అదనంగా వచ్చేది ఏమీ లేదు.

దగ్గరి సర్వరును ఎంచుకోవడం ఎలా? అంత తేడా ఉంటుందా?

చాలా తేడా ఉంటుంది. ప్యాకెట్లు పోయే శాతం ఒకేలా ఉన్నప్పుడు, కబురు వెళ్లి వచ్చే సమయం 10 మిల్లీసెకన్ల నుంచి 250కి పెరిగితే ఒక కనెక్షన్ వేగం ఇరవై అయిదో వంతుకు పడిపోగలదు. దేశంలోని కంపెనీలు పరస్పరం డేటా మార్చుకోవడానికి 2003లో ఏర్పడిన నిక్సీ సంస్థకు బెంగళూరులోనూ చెన్నైలోనూ కేంద్రాలున్నాయి. దేశంలోని సర్వరు నుంచి వచ్చే ఫైలు సముద్రం దాటనవసరం లేదు. విదేశీ ఫైళ్లయితే బెంగళూరుకు సముద్ర తీరం లేదు కనుక చెన్నైలోనో ముంబైలోనో తేలే సముద్రగర్భ కేబుళ్ల మీదుగా రావాలి. 2008 జనవరి చివర ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్లు తెగినప్పుడూ, 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో తెగినప్పుడూ ఇండియాలో ఇంటర్నెట్ మందగించింది. అలాంటి రోజుల్లో ఇంటి రూటరును ఎన్నిసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసినా ఫలితం ఉండదు.

డౌన్‌లోడ్ పేజీలో మిర్రర్ల జాబితా ఉంటే ఇండియాను, లేకపోతే సింగపూర్‌ను ఎంచుకోండి. స్టీమ్‌లో ఆటలు దించుకునేవారు సెట్టింగులలో డౌన్‌లోడ్ రీజియన్ చూసుకోవాలి; ఇండియాలోని ఒక నగరం రద్దీగా ఉంటే పక్క నగరానికి మార్చి చూడవచ్చు. స్టీమ్ ఆటలు కుదించిన రూపంలో వచ్చి మీ కంప్యూటరులో విప్పుకుంటాయి కాబట్టి, పాత ప్రాసెసరు ఉన్నచోట లైను ఖాళీగా ఉన్నా వేగం ఎగుడుదిగుడుగా కనిపించడం సహజం.

పెళ్లి వీడియోల గూగుల్ డ్రైవ్ లింకు ప్రతిసారీ మధ్యలో ఆగిపోతోంది. మార్గం ఏమిటి?

ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే గూగుల్ దాన్ని జిప్ ముక్కలుగా కట్టి పంపుతుంది. కట్టడానికే చాలా సమయం పడుతుంది, మధ్యలో తెగిన జిప్ మళ్లీ మొదటి నుంచి రావాల్సి వస్తుంది. వీడియోలు ముందే కుదించి ఉంటాయి గనుక జిప్ వల్ల పరిమాణం తగ్గేది కూడా లేదు. అందువల్ల వీడియోలను ఒక్కొక్కటిగా దించుకోండి. ఇంకా మేలైన పద్ధతి, ఆ ఫోల్డరుకు మీ డ్రైవ్‌లో షార్ట్‌కట్ పెట్టుకుని కంప్యూటరులోని గూగుల్ డ్రైవ్ యాప్ ద్వారా తెచ్చుకోవడం. కమాండ్ లైన్ అలవాటున్నవారు ఆర్‌క్లోన్ వాడవచ్చు. మధ్యలో ఆగినా, అయిపోయిన ఫైళ్లను వదిలి మిగిలినవాటినే తెస్తుంది.

ఇంకొక చిక్కు మన కుటుంబాల్లో తరచుగా వస్తుంది. ఆ లింకును బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే అత్తయ్యలు, బాబాయిలు, వదినలు అందరూ ఒకేసారి దించబోతే, డౌన్‌లోడ్ కోటా మించిందని గూగుల్ కొంతసేపు అందరికీ ఆపేస్తుంది. అందుకని ఒకరు మాత్రం పూర్తిగా దించుకుని, పండక్కి ఊరెళ్లినప్పుడు హార్డ్ డిస్కులో అందరికీ కాపీ చేసి ఇవ్వడం మంచిది. 200 గిగాబైట్లు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు మీద గంట లోపే కాపీ అవుతాయి.

డౌన్‌లోడ్ 90 శాతం అయ్యాక కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచేనా?

సర్వరు అనుమతిస్తే అక్కర్లేదు. ఫైలులో ఫలానా బైటు నుంచి ఇవ్వమని అడిగే ఏర్పాటు వెబ్ వాడే హెచ్‌టీటీపీ 1.1 పద్ధతిలో 1997 నుంచీ ఉంది. డౌన్‌లోడ్ మేనేజర్లు, కమాండ్ లైన్ ప్రోగ్రాములైన డబ్ల్యూగెట్, కర్ల్ దాన్ని వాడుకుని ఆగిన చోటి నుంచి కొనసాగిస్తాయి. బ్రౌజర్లు కూడా ప్రయత్నిస్తాయి గానీ, లింకుకు గడువు ఉన్నప్పుడు తరచుగా విఫలమవుతాయి. అయిదు గిగాబైట్లు దాటిన ఏ ఫైలునైనా బ్రౌజరులో దించవద్దని నేను గట్టిగా చెబుతాను. పెద్ద ఫైళ్ల విషయంలో సెకనుకు రెండు మెగాబైట్లు ఎక్కువ రావడం కన్నా, తెగినా పోకుండా ఉండడం వల్లే ఎక్కువ సమయం మిగులుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలకు చెట్లు కూలి కరెంటూ, స్తంభాల మీదుగా వేలాడే ఫైబరూ రెండూ పోవడం బెంగళూరువారికి తెలిసిందే. కరెంటు వరకైతే రూటరుకు, ఫైబర్ బాక్సుకు చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. చాలావరకు ఇవి 12 వోల్టులతో నడుస్తాయి, కొనే ముందు అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి. ఫ్లాటులో జనరేటరు ఉన్నా, బేస్‌మెంటులోని ఇంటర్నెట్ స్విచ్‌ను దానికి కలిపారో లేదో అసోసియేషన్ వారిని ఒకసారి అడగడం అవసరం.

టొరెంట్ వాడవచ్చా?

చట్టబద్ధమైన ఫైళ్లకు నిరభ్యంతరంగా వాడవచ్చు. ఉబుంటు వంటి లినక్స్ ఇమేజ్‌లు, లిబ్రే ఆఫీస్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పుస్తకాలు అధికారికంగానే టొరెంట్లుగా దొరుకుతాయి. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఫైలు ముక్కలుగా అనేకుల నుంచి వస్తుంది కాబట్టి ఒక సర్వరు మీద ఆధారపడదు. అప్‌లోడుకు మాత్రం హద్దు పెట్టండి. అప్‌లోడ్ దారి పూర్తిగా నిండిపోతే, డేటా అందినట్టు పంపాల్సిన కబుర్లు వరుసలో చిక్కుకుని డౌన్‌లోడే కుంటుపడుతుంది. మీ అప్‌లోడ్ వేగంలో 80 శాతం దగ్గర హద్దు పెడితే సరిపోతుంది. అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ చిరునామా ఇచ్చే కంపెనీల కనెక్షన్ మీద బయటివారు మీ కంప్యూటరును నేరుగా చేరలేరు, రూటరులో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా కనిపిస్తే మీదీ అటువంటిదే. తక్కువ మంది పంచుకుంటున్న టొరెంట్లు అక్కడ నెమ్మదిగా వస్తాయి.

పగలు బాగుండి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వేగం పడిపోతోంది. ఎందుకు?

ఫైబర్ మీ ఒక్కరిది కాదు. మన దగ్గర విరివిగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోర్టుకు 2.488 గిగాబిట్లు వస్తాయి, స్ప్లిటరు ద్వారా 32 లేదా 64 ఇళ్లు దాన్ని పంచుకుంటాయి. 64 ఇళ్లకు తలా 100 ఎంబీపీఎస్ అమ్మితే మొత్తం 6400 అవుతుంది. అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. అందరూ ఇంటికి చేరి సినిమా పెట్టుకునే వేళ ఆ నమ్మకం సడలుతుంది. దీనికి మీ వైపు నుంచి ఉన్న ఒకే ఒక్క మందు వేళ మార్చడం. డౌన్‌లోడ్ మేనేజర్లలోనూ, ఆటల అప్‌డేట్ల వరకు స్టీమ్‌లోనూ సమయం నిర్ణయించే సౌకర్యం ఉంది. రాత్రి ఒంటి గంట నుంచి ఉదయం ఆరు దాకా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగులు మార్చడం మాత్రం మరవకండి.

నెల చివర్లో వేగం ఒక్కసారిగా చచ్చిపోతుంది. ఇదేమిటి?

ఎఫ్‌యూపీ హద్దు, అంటే నెలలో ఇంత డేటా వాడాక వేగం తగ్గించే హద్దు, దాటి ఉంటారు. అన్‌లిమిటెడ్ అని అమ్మే ప్లాన్లలోనూ హద్దు ఉంటుంది. పెద్ద కంపెనీలలో నెలకు 3300 గిగాబైట్లన్నది తరచుగా కనిపించే అంకె, చిన్న ప్లాన్లలో ఇంకా తక్కువ. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని టెలికం శాఖ 2023 జనవరిలో నిర్వచించింది. హద్దు దాటాక మీ వేగం అంతకు పడిపోతే 40 గిగాబైట్ల ఫైలుకు 44 గంటలు పడుతుంది. కంపెనీ యాప్‌లో వాడకం చూసుకుని, పెద్ద పని ఉంటే బిల్లు తేదీ మారాక మొదలుపెట్టండి.

నేను డౌన్‌లోడ్ పెడితే ఇంట్లోవాళ్ల వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతోంది.

లైను నిండినప్పుడు రూటరులో ప్యాకెట్లు పెద్ద వరుసలో నిలబడతాయి, వీడియో కాల్ ప్యాకెట్టు కూడా ఆ వరుస చివరనే నిలబడాలి. డౌన్‌లోడ్ ప్రోగ్రాములో మీ వేగానికి 80 శాతం దగ్గర హద్దు పెడితే వరుస పేరుకోదు. 40 గిగాబైట్ల ఫైలుకు పావు గంట ఆలస్యం, ఇంట్లో మీటింగ్ ప్రశాంతం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించిన రూటర్లలో కేక్ అనే ఏర్పాటు ఈ వరుసను తానే చూసుకుంటుంది. దీనికి వ్యతిరేక పరిస్థితి కూడా ఉంది. మీ డౌన్‌లోడ్ అకారణంగా తగ్గితే, ఎవరి ఫోనైనా ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో చూడండి.

డీఎన్ఎస్ మార్చడం, వీపీఎన్, స్పీడ్ బూస్టర్ యాప్‌లు పనిచేస్తాయా?

డీఎన్ఎస్ పని పేరును చిరునామాగా మార్చడమే. ఫైలు రావడం మొదలయ్యాక దాని పాత్ర ఉండదు. కొన్నిసార్లు అది దూరపు సర్వరు చిరునామా ఇవ్వవచ్చు కాబట్టి మీ కంపెనీది, గూగుల్‌వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌వారి 1.1.1.1 మూడింటినీ పోల్చి చూడడంలో తప్పు లేదు. మీ డేటాను మరో సర్వరు మీదుగా తిప్పే వీపీఎన్ సాధారణంగా వేగం తగ్గిస్తుంది, కానీ మీ కంపెనీ నుంచి ఆ సర్వరుకు దారి చెడిపోయిన రోజున వేరే దారి చూపి పెంచవచ్చు. బూస్టర్ యాప్‌లను మాత్రం దగ్గరకు రానీయకండి. విండోస్ 20 శాతం వేగాన్ని దాచుకుంటుందని, ఒక సెట్టింగు మారిస్తే అది తిరిగి వస్తుందని ఏళ్ల తరబడి తిరుగుతున్న చిట్కా నిజం కాదు. ప్రత్యేకంగా కోరే ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే ఆ కేటాయింపు అమలవుతుంది, మిగతా సమయంలో మొత్తం మీదే.

నాలుగు గిగాబైట్ల దగ్గర ఫైలు ఆగిపోయి ఎర్రర్ వస్తోంది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. దానిలో ఒక ఫైలు నాలుగు గిగాబైట్లకు చేరకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి, లోపలి డేటా పోతుంది గనుక ముందే కాపీ చేసుకోండి. అసలు పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా దించకపోవడమే మేలు, చవక రకాలు సెకనుకు పది మెగాబైట్లు కూడా రాయలేవు. ముందు ల్యాప్‌టాప్ డిస్కులోకి దించి తరువాత మార్చుకోండి.

పీజీలో ఉంటున్నాను, వైఫై ఓనరుగారిది. నాకు దారి ఏమిటి?

రూటరు మీ చేతిలో లేదు కాబట్టి వేళ మీద, కొనసాగించగల ప్రోగ్రాము మీద ఆధారపడాలి. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఆరియా2తో పెట్టుకోండి. ఓనరుగారు ఒప్పుకుంటే కారిడారులోని స్విచ్ నుంచి లాన్ వైరు అడగండి. ఫోన్ 5జీ వాడితే, హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ వైరు టెథరింగ్ నిలకడగా ఉంటుంది, ఫోను వేడెక్కడం కూడా తగ్గుతుంది. రోజువారీ డేటా హద్దును ముందే చూసుకోండి. చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో అది దాటగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది.

కస్టమర్ కేర్‌వాళ్లు రూటరు ఆపి మళ్లీ ఆన్ చేయమనే చెబుతున్నారు. ఫిర్యాదు ఎలా చేయాలి?

వైరు మీద చేసిన టెస్టుల స్క్రీన్‌షాట్లు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేళలవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. వైఫై మీద చేసిన టెస్టును వారు లెక్కలోకి తీసుకోరు, తీసుకోకపోవడం న్యాయమే. ఫైబర్ బాక్సులో వచ్చే కాంతి బలాన్ని కొలవమని టెక్నీషియన్‌ను అడగండి. మైనస్ 27 డీబీఎం, అంతకన్నా బలహీనంగా ఉంటే ఎక్కడో ఫైబర్ వంగిందనో జాయింటు చెడిందనో అర్థం. ఫిర్యాదు నమోదయ్యాక డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఆ నంబరుతో అప్పీలు చేయాలి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను పరిష్కరించదు గనుక అక్కడికి రాసి కాలం వృథా చేసుకోకండి. ఆ తరువాతి మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఫైలు పూర్తిగా దిగింది, కానీ తెరుచుకోవడం లేదు. మళ్లీ మొత్తం దించాలా?

ముందు అది నిజంగా పాడైందో చూడండి. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 అని ఫైలుకు వేలిముద్ర లాంటి 64 అక్షరాల వరుస ఇచ్చి ఉంటే, విండోస్‌లోని సర్ట్‌యుటిల్‌తోగానీ లినక్స్‌లోని అలాంటి కమాండ్‌తోగానీ మీ ఫైలుకు అదే లెక్క వేయించి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు పాడైనట్టే. అదే ఫైలుకు టొరెంట్ కూడా ఉంటే మొత్తం మళ్లీ దించనక్కర లేదు. పాడైన ఫైలును టొరెంట్ ప్రోగ్రాము వాడే ఫోల్డరులో అదే పేరుతో పెట్టి, రీచెక్ నొక్కండి. అది ప్రతి ముక్కనూ సరిచూసి, చెడిపోయిన ముక్కలను మాత్రమే మళ్లీ తెచ్చుకుంటుంది. 40 గిగాబైట్ల ఫైలులో చెడినవి రెండు మూడు ముక్కలే అయితే, సరిచూడడం ముగిశాక కొద్ది సెకన్లలో పని పూర్తవుతుంది.